తమ్ముడి ఆర్కిటిక్ ప్రయాణం: ముందు ఆ కాటన్ బనియన్లు పక్కన పెట్టండి

అన్నా, హనుమకొండలో కొన్న మందం కాటన్ బనియన్లు, మీద రెండు స్వెటర్లు మీ తమ్ముడికి ఆర్కిటిక్ సముద్రపు మంచు మీద సరిపోతాయా అని అడిగారు కదా. సరిపోవు. అక్కడ చలికాలంలో మైనస్ 40 దాకా పోతుంది, కానీ అసలు శత్రువు చెమట. స్లెడ్జి (మంచు మీద సామాను జార్చే చక్రాల్లేని బండి) లాగేటప్పుడు పట్టిన చెమటను కాటన్ పీల్చుకుని ఆరనివ్వదు. పని ఆపగానే వణుకు మొదలు. మన వరంగల్ కొత్తవాడ జంపఖానా చుట్టుకున్నా అంతే, అదీ నూలే కదా! ఒంటికి తగిలేది మెరినో ఉన్ని (మెరినో గొర్రెల సన్నటి ఉన్ని), దాని మీద ఫ్లీస్ (వెచ్చని సింథటిక్ బట్ట), పైన గాలి దూరని కోటు. చెమట పట్టకముందే ఒక పొర విప్పమనండి. బూట్లు బిగుతుగా ఉండొద్దు, రక్తం ఆడకపోతే వేళ్లకే ముప్పు.

ఫోన్ లోపలి జేబులో ఉండాలి. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెడితే లిథియం బ్యాటరీ పాడవుతుంది. కెమెరాను ఓడలోకి తెచ్చేముందు బయటే జిప్ కవర్‌లో మూసేయాలి, లేకపోతే లోపలి తేమ లెన్స్ మీద నీళ్లై కూర్చుంటుంది.

కోటు, బూట్లు మాత్రం ఇప్పుడే కొనకండి. చాలాసార్లు యాత్ర నడిపేవాళ్లే ఇస్తారు, ముందు జాబితా అడగండి.