పాఠకుల ప్రశ్నలు: కూలిలో కోత, రీలులో కోత

పోయిన సంచికలో ఫిలిప్పీన్స్ సినిమా మీద నాలుగు లైన్లు రాశాను, అంతే, ఉత్తరాలు వరస కట్టేశాయి. సరే, ఈసారి కాలమ్ మొత్తం దానికే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశా, పేర్లు వేయలేదు, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నిరసన సినిమా అంటే నాకు భయమండీ. జెండాలు, స్పీచులు, చివర్లో పిడికిలి. మీరు రాసిన ఫిలిప్పీన్స్ దర్శకుడు లీనో బ్రోకా సినిమాలు కూడా అంతేనా? చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ భయంలో తప్పేం లేదు, అలాంటివి చూసి చూసి నాకూ విసుగొచ్చింది. కానీ బ్రోకా వేరే రకం. 1975లో వచ్చిన "మైనీలా: సా మంగా కుకో నాంగ్ లివానాగ్" చూడండి, వెలుగు గోళ్ళలో చిక్కిన మనీలా అని అర్థం. హూలియో అనే చేపలు పట్టే కుర్రాడు, ప్రేమించిన అమ్మాయిని ఎవరో ఆవిడ పని ఇప్పిస్తాను చదువు చెప్పిస్తాను అని పట్నం తీసుకుపోతే, ఆమెని వెతుక్కుంటూ మనీలా వస్తాడు. అమ్మాయి పేరు లిగాయా పరైసో, అంటే ఆనందం, స్వర్గం. పేరు చూస్తేనే తెలిసిపోతుంది ఆమెకి ఏం రాసిపెట్టి ఉందో.

నాకు ఈ సినిమాలో మర్చిపోలేనిది ప్రేమకథ కాదు, కూలి డబ్బులిచ్చే చోటు. కట్టుబడి పనిలో చేరతాడు హూలియో, కాగితం మీద సంతకం పెట్టేది ఒక మొత్తానికి, చేతిలో పడేది దానికంటే తక్కువ. పైగా మేస్త్రి ఇంకో మెలిక పెడతాడు, పైనుంచి డబ్బు ఇంకా రాలేదు, ఇప్పుడే కావాలంటే కొంత పట్టుకుని ఇస్తా అని. దీనికి కూలీలు పెట్టుకున్న ముద్దుపేరు "తైవాన్". ఎవడూ స్పీచ్ ఇవ్వడు, ఒకడు సంతకం పెడతాడు, ఒకడు నోట్లు లెక్కపెడతాడు, వెనక నిలబడ్డవాడు తల దించుకుని తన వంతు కోసం చూస్తాడు, అంతే, దేశం ఎలా నడుస్తోందో మొత్తం మనకి అర్థమైపోతుంది. బ్రోకా బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మనిషి పర్సు తెరిచి చూపిస్తాడు, ప్రభుత్వం పేరు కూడా ఎత్తడు.

ప్రశ్న: అప్పుడు మార్కోస్ నియంతగా ఉన్నాడు కదా, అలాంటి సినిమాలు ఎలా తీయనిచ్చాడు? సెన్సార్ నిద్రపోయిందా?

జవాబు: నిద్రా పాడా! 1972 సెప్టెంబర్‌లో మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాక షూటింగ్ కంటే ముందే స్క్రిప్టు సెన్సార్ వాళ్ళకి చూపించాలి, తర్వాత సినిమా కూడా చూపించాలి, అంటే ఒకే కథకి రెండుసార్లు కత్తెర. బెన్ సెర్వాంటెస్ 1976లో నెగ్రోస్ దీవి చెరుకు కూలీల మీద "సకాడా" తీస్తే, అది హాళ్ళలో ఆడుతుండగానే ప్రింట్లు లాగేసుకున్నారు. ఇష్మాయెల్ బెర్నాల్ 1980లో మనీలా రాత్రి జీవితం మీద "మనీలా బై నైట్" తీస్తే ఇంకా విచిత్రం, పేరులోంచి మనీలాయే తీసేయమన్నారు, సినిమాలో ఆ మాట వినపడిన చోటల్లా కోత, చివరికి "సిటీ ఆఫ్టర్ డార్క్" అని రిలీజైంది, విదేశాలకి పంపనివ్వలేదు. ఎందుకంత ఉలుకంటే, అప్పుడు మెట్రో మనీలా గవర్నర్ ఎవరనుకున్నారు, మార్కోస్ భార్య ఇమెల్డానే. ఆవిడ ఊరికి సున్నం వేయించి విదేశీయులకి చూపిస్తుంటే వీళ్ళు వెళ్ళి మురికివాడలో కెమెరా పెడితే ఒళ్ళు మండదా మరి.

అయినా ఎలా బతికాయంటే, ఒకటి, ఇవన్నీ పైకి మామూలు కుటుంబ కథలు, ప్రేమకథలు, పెద్ద స్టార్లు ఉండేవాళ్ళు. 1976 నాటి బ్రోకా సినిమా "ఇన్సియాంగ్" తీసుకోండి, తొండో మురికివాడలో తల్లీకూతుళ్ళు, తల్లి తెచ్చుకున్న మగాడు, వాడు కూతురి మీద చేసిన దారుణం, కూతురి పగ, ఇది ఎంత ఘాటు మెలోడ్రామా అయినా ఇందులో రాజకీయం ఏదీ అని సెన్సార్ వాడు అడిగితే వేలు పెట్టి చూపించడానికి ఏమీ దొరకదు. కానీ ఆ ఇరుకు, ఆ బురద, పని లేక గోడకి ఆనుకుని కూర్చున్న మగాళ్ళు, అదంతా రాజకీయమే. కాన్ ఫెస్టివల్‌లో చూపించిన మొదటి ఫిలిప్పీన్ సినిమా ఇదే, 1978లో.

రెండోది, మార్కోస్ దంపతులకి సినిమా పరువు కూడా కావాలి. 1982 జనవరిలో అంతర్జాతీయ ఫెస్టివల్ పెట్టుకుని దానికోసం మనీలా ఫిల్మ్ సెంటర్ రాత్రింబగళ్ళు కట్టించారు, 1981 నవంబర్ 17న పరంజా కూలి కూలీలు పచ్చి సిమెంటులో పడిపోయారు, ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు, ఫెస్టివల్ మాత్రం జరిగింది. (కూలీల మీద సినిమా తీస్తే దేశద్రోహం, కూలీల మీద సినిమా హాలు కడితే దేశగౌరవం!) అదే ప్రభుత్వం పెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ సినిమా సంస్థ డబ్బుతో 1982లో "హిమాలా" వచ్చింది, దర్శకుడు మళ్ళీ ఆ బెర్నాలే, రాసింది రికీ లీ, ఆయన మార్షల్ లా టైమ్‌లో జైల్లో ఉండి వచ్చినవాడు. జైల్లో పెట్టింది వాళ్ళే, తర్వాత సినిమాకి డబ్బు పెట్టిందీ వాళ్ళే.

ప్రశ్న: "సిస్టర్ స్టెల్లా ఎల్" బాగుంటుందా?

జవాబు: మైక్ డి లియోన్, 1984. సమ్మె చేస్తున్న కార్మికుల పక్కన చేరిన ఒక నన్ కథ, విల్మా శాంతోస్ చేసింది. నిజం చెప్పాలంటే ఇందులో మొదటి ప్రశ్నలో ఆవిడ భయపడ్డ స్పీచులు ఉన్నాయి, చివర్లో నేరుగా కెమెరా వైపు చూసి మాట్లాడుతుంది కూడా. అప్పట్లో డబ్బులు రాలేదు. కానీ "మనం కాకపోతే ఎవరు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు" అన్న ఆ సినిమా మాట మాత్రం వీధుల్లోకి వెళ్ళిపోయింది, ఊరేగింపుల్లో ఇప్పటికీ అరుస్తుంటారు. ఇంకో సంగతి, "మైనీలా"కి కెమెరా పట్టింది ఈ డి లియోనే.

ప్రశ్న: బ్రోకా సినిమాని దొంగతనంగా దేశం దాటించారని చదివాను. కథా నిజమా? ఆయన్ని జైల్లో కూడా పెట్టారట?

జవాబు: రెండూ నిజమే. ఆ సినిమా "బయాన్ కో: కపిత్ సా పతాలిమ్", 1984. మొదటి సగం "నా దేశం", అది ఒక పాట పేరు, మార్షల్ లాలో ఆ పాట పాడితే తప్పు. రెండో సగం అక్కడి సామెత. మునిగేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడు అంటాం కదా మనం, వాళ్ళు ఇంకా కటువుగా, గతిలేనివాడు కత్తి అంచైనా పట్టుకుంటాడు అంటారు.

కథ వినండి, మళ్ళీ డబ్బు లెక్కే. హీరో పేరు తూరింగ్, ప్రింటింగ్ ప్రెస్‌లో పనివాడు, పెళ్ళాం కడుపుతో ఉంది, అప్పు కావాలి, యజమాని ఇస్తానంటాడు కానీ యూనియన్‌లో చేరనని సంతకం పెట్టమంటాడు. పెడతాడు. తర్వాత సమ్మె వస్తుంది, తోటివాళ్ళ దృష్టిలో ద్రోహి అయిపోతాడు. ప్రసవం అయ్యాక బిల్లు కట్టేదాకా తల్లీబిడ్డని ఆస్పత్రి వదలదు. ఇక చేసేది లేక దొంగతనానికి దిగుతాడు, అదీ చెడుతుంది. రాసింది కవి హోసే లకాబా, ఈయన కూడా మార్షల్ లా జైల్లో చిత్రహింసలు పడినవాడే. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అకినోని విమానాశ్రయంలో కాల్చి చంపాక జనం రోడ్ల మీదకి వచ్చారు కదా, ఆ అసలు ఊరేగింపుల దృశ్యాలు సినిమాలో ఉన్నాయి. అందుకే ప్రింటు చాటుగా ఫ్రాన్స్‌కి పోయింది, 1984 కాన్ పోటీలో చూపించారు.

సొంత దేశంలో మాత్రం గొడవ మొదలైంది. సెన్సార్ బోర్డు కోతలు అడిగింది, నిర్మాత సుప్రీంకోర్టుకెళ్ళాడు, అప్పుడు బోర్డు కోతలు వద్దులే కానీ పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఇచ్చింది. 1985 జూలైలో వచ్చిన తీర్పు భలే ఉంటుంది, సినిమా కూడా భావప్రకటనే, కళ్ళెదుట స్పష్టమైన ప్రమాదం ఉంటే తప్ప ఆపకూడదు అని చెప్పి, బోర్డు అతి చేసిందని కూడా అని, చివరికి అది ఘోరమైన అధికార దుర్వినియోగం అనడానికి తగినన్ని ఓట్లు లేవు కాబట్టి పిటిషన్ కొట్టేస్తున్నాం అన్నారు. ఆకు వేశారు, విస్తరి వేశారు, అన్నం మాత్రం పెట్టలేదు.

అదే ఏడాది జనవరిలో జీప్నీ (అక్కడి షేర్ జీపు) డ్రైవర్ల సమ్మెకి మద్దతుగా వెళ్ళినందుకు బ్రోకానీ, ఇందాక చెప్పిన సెర్వాంటెస్‌నీ పట్టుకుపోయి రెండు వారాలకి పైగా లోపల ఉంచారు. ఆ కేసులు నడపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తేల్చింది 1990 డిసెంబర్‌లో! ఇంకో ఐదు నెలలకి, 1991 మేలో, కారు ప్రమాదంలో బ్రోకా పోయాడు.

మధ్యలో ఒక పని చేశాడు. 1986లో మార్కోస్ పారిపోయాక కొత్త రాజ్యాంగం రాసే కమిషన్‌లో ఆయన్నీ వేశారు. పనులు నచ్చక మధ్యలోనే రాజీనామా చేసి వచ్చేశాడు కానీ, వచ్చేముందు వాక్ స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ అని ఉన్న చోట మధ్యలో "భావప్రకటన" అన్న మాట చేర్పించాడు. మాట్లాడితే వాక్కు, అచ్చేస్తే పత్రిక, మరి సినిమా, నాటకం, వీధిలో ఊరేగింపు వీటి సంగతేంటి అని. మూడో అధికరణం నాలుగో సెక్షన్‌లో ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: మార్కోస్ పోయాక ఇక నిరసన సినిమాకి పని లేకుండా పోయిందా?

జవాబు: అందరూ అదే అనుకున్నారు. 1987 జనవరి 22న భూమి అడగడానికి మెండియోలా వీధికి వచ్చిన రైతుల మీద కాల్పులు జరిగాయి, 13 మంది పోయారు, అప్పుడు ఉన్నది ఇందాక చెప్పిన నినోయ్ భార్య కోరీ అకినో ప్రభుత్వం, జనం తెచ్చుకున్న ప్రభుత్వం. పల్లెల్లో కమ్యూనిస్టుల వేట పేరుతో సాయుధ ముఠాలు తిరుగుతున్నాయి. బ్రోకా ఊరుకోలేదు, లకాబాతోనే రాయించి ఫ్రెంచి డబ్బుతో 1989లో "ఓరాప్రోనోబిస్" తీశాడు. సొంత దేశంలో హాళ్ళలో ఆడనివ్వలేదు. నియంత మీద సినిమా తీయడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటా, కానీ నువ్వే జెండా పట్టుకుని గెలిపించిన ప్రభుత్వం మీద తీయడానికి దానికి రెండింతలు కావాలి, పాత స్నేహితులే మొహం తిప్పుకుంటారు. ఆయన సినిమాల్లో నేను ఎక్కువ గౌరవించేది ఇదే, ఎక్కువ ఇష్టపడేది కాకపోయినా.

ప్రశ్న: మేము నలుగురం స్టూడెంట్లం అక్కా, ఫోన్లతోనే డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాం. ఫిలిప్పీన్స్ వాళ్ళ నుంచి నేర్చుకునేది ఏంటి, టెక్నికల్‌గా చెప్పండి.

జవాబు: కెమెరా గురించి బెంగ వద్దు తమ్ముడూ. 80ల్లో నిక్ డియోకాంపో లాంటి వాళ్ళు సూపర్ 8 కెమెరాలతో తీశారు, ఇంట్లో పుట్టినరోజులకి వాడే బుల్లి కెమెరాలు అవి. ఏషియా విజన్స్ లాంటి బృందాలు సమ్మెలు, రైతుల పోరాటాలు తీశాయి, హాలు దొరకదని తెలుసు కాబట్టి చూపించే చోట్లు వేరేగా వెతుక్కున్నారు. అంటే తీయడం సగం పని, ఎవరికి చూపిస్తాం, ఎక్కడ చూపిస్తాం అన్నది మిగతా సగం, అది షూటింగ్‌కి ముందే ఆలోచించుకోవాలి.

రెండు డాక్యుమెంటరీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆలిక్స్ అరుంపాక్ తీసిన "అస్వాంగ్", 2019. అప్పటి అధ్యక్షుడు డుటెర్టే డ్రగ్స్ మీద యుద్ధం అని రాత్రిళ్ళు పేదల్ని కాల్చి పడేస్తుంటే ఆ రాత్రుల్లో తిరిగి తీసింది. అస్వాంగ్ అంటే అక్కడి కథల్లో రాత్రి పూట మనుషుల్ని తినే రాక్షసి. ఇందులో శవాల కంటే ఎక్కువ భయపెట్టేది పోలీస్ స్టేషన్‌లో అల్మరా వెనక దాచిన గది, మనుషుల్ని కుక్కి పెట్టారు అందులో, బయటివాళ్ళు అల్మరా జరిపితే చీకట్లోంచి మొహాలు కనపడతాయి. ఇంకొకటి జేఎల్ బుర్గోస్ తీసిన "అలిపాతో అత్ మువోగ్", 2024. సినిమా మొత్తం తన సోదరుడు జోనస్ కోసం ఈయన వెతుకులాటే. రైతు సంఘాలతో పనిచేసే జోనస్‌ని 2007 ఏప్రిల్ 28న క్వెజోన్ సిటీలో ఒక మాల్‌లోంచి ఎత్తుకుపోయారు, ఇప్పటికీ తిరిగి రాలేదు. ఎత్తుకుపోయిన బండి నెంబర్ ప్లేటు ఆరా తీస్తే, అది సైన్యం క్యాంపులో పట్టి ఉంచిన వేరే బండిదని తేలింది. ఒక నెంబర్ ప్లేటు! నేర్చుకోవాల్సింది ఇది, అన్యాయం అన్యాయం అని నువ్వు అరవక్కర్లేదు, ఆ ప్లేటు చూపించు చాలు, చూసేవాడు వాడంతట వాడే అరుస్తాడు.

ఆ సినిమాకి 2024 ఆగస్టులో బోర్డు ఎక్స్ ఇచ్చింది, అంటే ఎక్కడా ప్రదర్శించకూడదు. కారణం, ప్రభుత్వం మీద జనానికి నమ్మకం సడలేలా ఉందని. ఈ వాక్యం ఎక్కడిదో తెలుసా, మార్కోస్ 1985లో తెచ్చిన డిక్రీది, ఆ డిక్రీ నెంబరేమో 1986, సరిగ్గా ఆయన పారిపోయిన సంవత్సరం, రాసిపెట్టినట్టు. గొడవయ్యాక సెప్టెంబర్‌లో రేటింగ్ మార్చి 16 ఏళ్ళు నిండినవాళ్ళు చూడొచ్చన్నారు.

టెక్నికల్‌గా అడిగావు కాబట్టి ఒక్క మాట, మాట్లాడినవాళ్ళ మొహం చూపించాలా వద్దా అన్నది ఎడిటింగ్ టేబుల్ దగ్గర కాదు, కెమెరా ఆన్ చేయకముందే వాళ్ళతో కూర్చుని తేల్చుకోండి. సినిమా అయ్యాక మీరు ఇంటికెళ్ళిపోతారు, వాళ్ళు ఆ వీధిలోనే ఉంటారు. ఫుటేజ్ రెండు చోట్ల దాచండి, ఒకటి మీ దగ్గర లేని చోట.

ప్రశ్న: లావ్ డియాజ్ సినిమాలు ఎనిమిది గంటలు పది గంటలు ఉంటాయట. ఎవడు చూస్తాడండీ బాబూ?

జవాబు: నేను చూశా, మధ్యలో ఒకసారి నిద్రపోయా, లేచి చూస్తే అదే మనిషి అదే రోడ్డు మీద ఇంకా నడుస్తున్నాడు. ఒట్టు, కథ ఏమీ మిస్ కాలేదు. కానీ మార్షల్ లా అన్నది ఒక పల్లెలోకి ఎలా పాకి వస్తుందో 2014లో వచ్చిన "ఫ్రమ్ వాట్ ఈజ్ బిఫోర్" చూస్తే తెలుస్తుంది, ఐదున్నర గంటలు, లొకార్నో ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి వచ్చింది. ముందు ఆవులు చస్తాయి, తర్వాత ఇళ్ళు కాలతాయి, సైనికులు చాలా సేపటికి వస్తారు. రెండు గంటల్లో చెబితే ఆ నెమ్మది దొరకదు. అంత ఓపిక లేకపోతే 2016లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ తెచ్చుకున్న "ది ఉమన్ హూ లెఫ్ట్"తో మొదలుపెట్టండి, నాలుగు గంటలకి కాస్త తక్కువే, ఆయన లెక్కలో అది షార్ట్ ఫిల్మ్.