యాంటన్ ఫాంట్ శీర్షికలో అక్షరాలు పూడుకుపోతే

మీ వెబ్‌పేజీ శీర్షికలో ఇంగ్లీషు ఎ, బి, ఆర్ అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోవడానికి కారణం చాలావరకు ఫాంట్ ఫైలు కాదు, బ్రౌజరు దానిమీద కృత్రిమంగా వేస్తున్న బోల్డ్. యాంటన్‌లో ఉన్నది 400 అనే ఒకే వెయిట్ (గీతల మందం), అదే తగినంత లావు. హెచ్1 (ప్రధాన శీర్షిక) ట్యాగుకు బ్రౌజర్లు తమంతట తామే 700, అంటే బోల్డ్, వర్తింపజేస్తాయి కనుక, ఆ వెయిట్ దొరకనప్పుడు ఉన్న గీతలనే మందం చేసి చూపిస్తాయి.

1. సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) హెచ్1కే నేరుగా ఫాంట్-వెయిట్ 400 అని రాయండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: బాడీకి (పేజీ మొత్తానికి) 400 ఇచ్చి సరిపోయిందనుకుంటారు, కానీ హెచ్1కు బ్రౌజరు సొంతంగా ఇచ్చిన విలువ ముందు బాడీ నుంచి వారసత్వంగా రావలసిన విలువ చెల్లదు. శీర్షిక లోపల స్ట్రాంగ్ ట్యాగు (మాటను బోల్డ్ చేసేది) ఉంటే దానికీ విడిగా 400 ఇవ్వాలి.

2. ఫాంట్-సింథసిస్‌ను నన్ (none) చేయండి; అప్పుడు బ్రౌజరు కృత్రిమ బోల్డ్ వేయదు.

3. పేజీని పెద్దది చేసి ఆర్ అక్షరాన్ని చూడండి. పై భాగంలోని సన్నని నిలువు ఖాళీ అంచులు పదునుగా తేలితే సమస్య తీరినట్టే. అప్పటికీ అక్షరాలు ఇరుకుగా అనిపిస్తే లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) 0.02 ఎమ్ (em) ఇవ్వండి, అంతకు మించితే ఈ ఫాంట్‌కు అందమైన ఆ కర్మాగారపు బిగువు సడలిపోతుంది.