కలిసి ఆడుకున్న పిల్లలు నాజీల కాలంలో ఎలా విడిపోయారు?

"చిన్నప్పటి నుంచి ఒకే వీధిలో కలిసి పెరిగిన పిల్లలు హిట్లర్ రాగానే ఎలా విడిపోయారు, పిల్లల్లో కూడా అంత ద్వేషం నిజంగా ఎక్కిందా?" అని అడిగారు.

ఎక్కినవాళ్లున్నారు. స్కూల్లో జాతి పాఠాలు చెప్పారు, యూదులంటే విషపు పుట్టగొడుగుల్లాంటివాళ్లని చూపించే బొమ్మల పుస్తకాన్ని 1938లో పిల్లల కోసమే అచ్చువేశారు. కానీ మేం బెర్లిన్‌లో షోనెబెర్గ్ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాం, మా బిల్డింగ్‌లో 1928లో పుట్టిన ఒక పెద్దావిడ ఉండేవారు (ఇప్పుడు లేరు), ఆవిడ తన చిన్ననాటి స్నేహితురాలి గురించి చెప్పినవి విన్నాక నాకు అర్థమైంది వేరు. పిల్లల మధ్య ద్వేషం పుట్టకముందే వాళ్లు కలుసుకునే చోట్లన్నీ ఒక్కొక్కటిగా మూసేశారు.

ఇద్దరిదీ ఒకే బిల్డింగ్, కింద అంతస్తులో పెద్దావిడ వాళ్లు, పైన స్నేహితురాలి వాళ్లు. 1934లో ఇద్దరూ ఒకే క్లాసులో చేరారు. ఈ చుట్టుపక్కల అప్పట్లో యూదు కుటుంబాలు చాలా ఉండేవి, ఐన్‌స్టీన్ కూడా 1932 చివర్లో దేశం విడిచేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆ అమ్మాయి నాన్న లాయరు, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి పతకం తెచ్చుకున్న మనిషి. 1933 ఏప్రిల్‌లో యూదు లాయర్లను తీసేసే చట్టం వచ్చినప్పుడు యుద్ధంలో ముందు వరసన పనిచేసినవాళ్లకి మినహాయింపు ఇచ్చారు. మనల్ని ఏం చేయరులే అని ఆ ఇంట్లో నమ్మకం ఏర్పడింది. "వెంటనే దేశం వదిలి వెళ్లిపోవచ్చు కదా" అని ఈరోజు తేలిగ్గా అనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మొదట పోయింది స్కూలు. టీచరు ఆ అమ్మాయిని వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెడుతుంటే భరించలేక 1937లో వాళ్లే యూదు స్కూలుకి మార్చేశారు. ఇక మిగిలినవి సాయంత్రాలు. పదేళ్లు నిండిన ఆడపిల్లలు హిట్లర్ యువజన సంఘంలోని చిన్నపిల్లల విభాగంలో చేరాలి, 1936 చట్టం ప్రకారం అది పిల్లలందరి సంఘం, యూదు పిల్లలకి మాత్రం ప్రవేశం లేదు. 1938 వసంతంలో ఈవిడ చేరారు. బుధవారం, శనివారం మధ్యాహ్నాలు పాటలు, ఆటలు, అడవిలో నడకలు. "నాకు ఆ యూనిఫాం అంటే ఎంత ఇష్టమో" అని ఆవిడ దాచుకోకుండానే చెప్పారు. ఒకరోజు స్నేహితురాలు ఆ కోటు ఒక్కసారి వేసుకుని చూస్తానని అడిగిందట. "వద్దు, నువ్వు వేసుకోకూడదు అన్నాను. అలా అనమని నాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు.

ఆ తర్వాత పెద్దవాళ్లు. ఈవిడ నాన్న పోస్టాఫీసు ఉద్యోగి, నాజీ పార్టీ మనిషి కాదు, పై అంతస్తువాళ్లతో ఏ పేచీ లేదు, పండగలకి ఒకళ్లింటికి ఒకళ్లు కేకు పంపుకున్నవాళ్లే. కానీ ప్రతి బ్లాకులోనూ పార్టీ మనిషి ఒకడు ఎవరింటికి ఎవరు వెళ్తున్నారో చూస్తూ ఉండేవాడు. "ఆ పిల్ల మంచిదే, కానీ మనకెందుకొచ్చిన గొడవ, పైకి వెళ్లకు" అన్నాడాయన. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. అరిచి రాళ్లేసినవాడి కంటే ఇలా మెల్లగా తలుపేసుకున్న మంచివాళ్లే ఎక్కువమంది, ఆ ఏర్పాటంతా వాళ్ల మీదే నిలబడింది.

1938 నవంబర్ 9 రాత్రి యూదుల గుళ్లు తగలబెట్టి, దుకాణాలు పగలగొట్టి, సుమారు 30,000 మంది మగవాళ్లను నిర్బంధ శిబిరాలకి తీసుకెళ్లారు. లాయరుగారిని బెర్లిన్ దగ్గరున్న సాక్సెన్‌హౌసెన్ శిబిరానికి పట్టుకెళ్లారు, కొన్ని వారాల తర్వాత గుండు కొట్టించిన తలతో తిరిగొచ్చాడు. అదే నెల 15న యూదు పిల్లలెవరూ ప్రభుత్వ స్కూళ్లలో ఉండకూడదన్నారు, డిసెంబర్‌లో యూదులకి ఈతకొలనుల్లో ప్రవేశం ఆపేశారు, మరుసటి ఏడాది మా దగ్గర పార్కులో పసుపు రంగు వేసిన బెంచీల మీద మాత్రమే కూర్చోవాలన్నారు. ఈ నిబంధనలన్నీ ఇప్పుడు మా వీధి దీపాల స్తంభాలకి బోర్డులుగా వేలాడుతుంటాయి. 1993లో ఇద్దరు కళాకారులు పెట్టిన 80 బోర్డులవి, ఒకవైపు బొమ్మ, రెండోవైపు ఆ చట్టం, తేదీ. వాటిలో ఒకటి ఆర్య పిల్లలు (నాజీల లెక్కలో "అసలైన" జర్మన్లు), ఇతర పిల్లలు కలిసి ఆడుకోకూడదని చెబుతుంది. యూదులు పెంపుడు జంతువుల్ని ఉంచుకోకూడదనే బోర్డు మీద పిల్లి బొమ్మ ఉంటుంది, మా పిల్లలు మొదట అడిగింది దాని గురించే.

1938 డిసెంబర్ నుంచి యుద్ధం మొదలయ్యేదాకా సుమారు 10,000 మంది పిల్లల్ని, తల్లిదండ్రులు లేకుండా, బ్రిటన్ తీసుకుంది. ఈ అమ్మాయి పేరు కూడా రాయించారు కానీ వంతు రాలేదు, 1939 సెప్టెంబర్‌లో దారి మూసుకుపోయింది. అప్పటికే వాళ్లని ఆ ఫ్లాటు ఖాళీ చేయించి, యూదు కుటుంబాలని కుక్కిన వేరే ఇంట్లో ఒక గదిలో పెట్టారు.

ఈవిడ ఆమెని చివరిసారి చూసింది 1941 చలికాలంలో. ఆరేళ్లు దాటిన ప్రతి యూదు మనిషీ పసుపు నక్షత్రం కుట్టుకోవాలని ఆ సెప్టెంబర్ నుంచి రూలు. యూదులతో బహిరంగంగా స్నేహంగా ఉంటే మూడు నెలల వరకు శిబిరంలో వేస్తామని అక్టోబర్‌లో ఇంకో ఉత్తర్వు. ఎదురుగా వస్తున్న స్నేహితురాలు ఈవిడని చూడగానే తనే వీధి దాటి అవతలివైపు వెళ్లిపోయింది. పదమూడేళ్ల పిల్ల, ఇంకో పదమూడేళ్ల పిల్లకి కష్టం రాకూడదని. ఆవిడ ఈ ఒక్క విషయం మాత్రం నాకు పదే పదే చెప్పారు.

తర్వాత ఏమైందో ఆవిడ వెతకనే లేదు, భయం అన్నారు. చివరి రోజుల్లో నన్ను అడిగితే జర్మన్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల మృతుల జాబితా ఆన్‌లైన్‌లో ఉంటుంది కాబట్టి ఆవిడ పక్కన కూర్చుని పేరు కొట్టాను. తల్లి, తండ్రి, కూతురు, ముగ్గురినీ 1942లో నాజీల ఆక్రమణలో ఉన్న లాత్వియాలోని రీగాకి పంపారు. ఎవరూ తిరిగి రాలేదు.

నిలబడ్డ స్నేహాలు అసలు లేవా అంటే ఉన్నాయి. బెర్లిన్‌లో సుమారు 7,000 మంది యూదులు దాక్కున్నారు, దాదాపు 1,700 మంది బతికారు. దాక్కున్నవాళ్లకి రేషన్ కార్డు ఉండదు, దాచినవాళ్లు తమ వాటాలోంచే పెట్టాలి, బాంబులు పడుతున్నా బాంబు షెల్టర్‌కి తీసుకెళ్లకూడదు, పక్కింటివాడికి అనుమానం రాగానే ఇంకో ఇల్లు చూడాలి. అలా ఒక్కరిని కాపాడడానికి ఎంతోమంది చేతులు కలపాల్సి వచ్చేది. మీ వీధిలో అలా ఎవరైనా చేశారా అని పెద్దావిడని అడిగాను. తనకి తెలిసి ఎవరూ లేరన్నారు.