కాయిల్స్ అమ్మిన బాకీకి చెక్కు బౌన్స్ కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. ఉద్యోగం పోయి అప్పుల టెన్షన్‌లో ఉన్నప్పుడు నాకు తెలిసిన పని ఇదొక్కటే. వేప్ (ఈ-సిగరెట్) పరికరాల్లో వేసే కాయిల్స్‌ను కాంథాల్, నైక్రోమ్ తీగతో చుట్టి, దూది వత్తులతో కలిపి ప్యాక్ చేసి అమ్మేవాణ్ణి. విజయనగరంలో ఒక స్నేహితుడు వాట్సాప్‌లో ఆర్డర్ పెడితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి కార్గోలో పంపేవాణ్ణి. కాయిల్స్ బాకీ 38,000, గత దసరాకు అతనికి అమ్మిన నా పాత ఫోన్ ధర 22,000 కలిపి 60,000 రూపాయలకు చెక్కు ఇచ్చాడు. అది బౌన్స్ అయి మూడు వారాలైంది. సొంత తమ్ముడిలా చూసుకున్నాను, మోసం చేశాడు. నేను అమ్మింది తీగ, దూది మాత్రమే, నికోటిన్ కాదు. చేబదులు ఇచ్చినట్లు నోటీసు పంపమని తెలిసినవాళ్లు అంటున్నారు. పంపవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: పంపకండి.

స్నేహితుడు చేసిన ద్రోహం గురించి రెండు పేజీలు రాశారు. దానితో కోర్టుకు పని లేదు. చెక్కు బౌన్స్ కేసు నిలవాలంటే ఆ చెక్కు వెనక చట్టప్రకారం వసూలు చేసుకోగల బాకీ ఉండాలి. మీ 38,000 అలాంటి బాకీ కాదు.

ఈ-సిగరెట్ల నిషేధ చట్టం 2019 సెప్టెంబర్ 18 నుంచి అమల్లో ఉంది. తయారీ, అమ్మకం, రవాణా, పంపిణీ, ప్రకటన అన్నీ నిషేధమే. మీరు చూడని మాట ఒకటి అందులో ఉంది. పూర్తి పరికరమైనా, దానిలో 'ఏ భాగమైనా' అని చట్టం స్పష్టంగా చెప్పింది. తయారీ అంటే విడిభాగాలు చేయడం, జోడించడం కూడా. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఆవిరి పీల్చే పరికరం ఈ-సిగరెట్టే. కాబట్టి 'నికోటిన్ లేదు' అన్న వాదన మొదటి వాయిదాకే పోతుంది.

'తీగే కదా' అన్న వాదనా అంతే. ఎలక్ట్రికల్ షాపులో తీగ చుట్ట కొన్నందుకు ఎవరూ కేసు పెట్టరు. మీరు పంపిన ఫోటో చూడండి. 3 మిల్లీమీటర్ల పుల్ల మీద చుట్టిన కాయిల్స్ జత, మడిచిన దూది, జిప్ కవరు, దాని మీద మార్కర్‌తో 0.5 ఓమ్ (కాయిల్ విద్యుత్ నిరోధం) అని మీ చేతిరాత. అవతలి పక్షాన నేనుంటే నాకు ఆ ఒక్క కవరు చాలు. సొంతానికి చుట్టుకున్నా సరే, ఎవరి కోసం చేశావని తయారీ నిర్వచనం అడగదు.

మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. వారంట్ లేకుండా అరెస్టు చేయగల నేరం, ఎస్సై స్థాయి అధికారి చాలు. కార్గో రసీదులన్నీ భద్రంగా దాచానని గర్వంగా రాశారు. రవాణా కూడా నేరమే కనుక అవి మీకు కాదు, పోలీసులకు పనికొస్తాయి.

ఇక డబ్బు సంగతి. చట్టం నిషేధించిన వ్యాపారం మీద కుదిరిన ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ తప్పులో ఉన్నారు, తిలాపాపం తలా పిడికెడు. అలాంటప్పుడు ఒకరి దగ్గర వసూలు చేసి మరొకరికి ఇప్పించే పని కోర్టు పెట్టుకోదు.

చేబదులు కథ మాత్రం కొరివితో తల గోక్కోవడమే. చెక్కు మీద సంతకం ఉంటే బాకీ ఉన్నట్లే కోర్టు మొదట భావిస్తుంది, నిజమే. 2010లో రంగప్ప కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, కానీ ఆ భావనను నిందితుడు తిప్పికొట్టవచ్చనీ అదే తీర్పులో ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న, ఉద్యోగం లేని మీకు 60,000 ఎక్కడిది? రెండోది, ఏ రోజు, ఏ ఖాతా నుంచి తీసి ఇచ్చారు? ఆ తర్వాత అతను ఫోన్ తీసి మీ వాట్సాప్ ఆర్డర్లు చూపిస్తాడు. అక్కడితో చెక్కు కేసు పోతుంది. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు న్యాయసంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే కొత్త కేసు వస్తుంది. లక్షలోపు జరిమానాతో పోయేదాన్ని ఏడేళ్ల దాకా లాక్కోకండి. చాట్లు చెరిపేస్తే సరిపోతుందా అనీ అడిగారు. అతని ఫోన్లో అవి అలాగే ఉంటాయి, సాక్ష్యం మాయం చేశారన్న నింద అదనంగా మీ మీద పడుతుంది.

చెక్కు వాపసు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలన్నది నిజమే. ఆ గడువును పోనివ్వండి. మీ చేతిలో మిగిలింది ఫోన్ తాలూకు 22,000. అది వేరే అమ్మకం, చట్టబద్ధమైన అమ్మకం. ధర రాబట్టడానికి ఫోన్ ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ల గడువుంది, దసరాకే ఇచ్చారు కనుక కంగారు లేదు. ఫోన్ డబ్బా, కొన్న బిల్లు, ఐఎంఈఐ నంబరు దాచారా? దాయకపోతే ముందు వెతకండి. చిక్కల్లా ఒక్కటే. ధర మాట్లాడుకున్నది కూడా కాయిల్స్ ఆర్డర్ల చాట్‌లోనే. దావాలో ఆ ఒక్క స్క్రీన్‌షాట్ పెడితే మొత్తం చాట్ చూపించమని అవతలి లాయరు అడుగుతాడు. అందుకే నేరుగా దావాకు వెళ్లకుండా, ఫోన్ ధర వరకే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ముందస్తు రాజీకి దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. చెక్కు ఊసు, కాయిల్స్ ఊసు అందులో రాయవద్దు, అబద్ధమూ రాయవద్దు.

మీ ఉత్తరం చివర ఒక కుర్రాడి పరికరం మీ 0.2 ఓమ్ కాయిల్ వేశాక చేతిలో కాలిపోయేంత వేడెక్కిందని, 'పెద్ద విషయం కాదు' అని రాశారు. నా దృష్టిలో చెక్కు కంటే అదే పెద్ద విషయం. రెగ్యులేటర్ (కరెంటును అదుపు చేసే భాగం) లేని పరికరంలో 4.2 వోల్టుల బ్యాటరీ మీద ఆ కాయిల్ 21 ఆంపియర్లు లాగుతుంది, చాలా బ్యాటరీల సామర్థ్యం 20 దగ్గరే ఆగిపోతుంది. అది పేలి వేళ్లు పోతే నిర్లక్ష్యంతో గాయపరిచిన కేసూ, నష్టపరిహారం దావా కూడా మీ మీదే.

ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాన్ని ఏడాదిలోపే కోర్టు విచారణకు స్వీకరించాలన్న గడువు ఉంది, కానీ మీరు పంపిన ప్రతి పార్శిల్‌కూ అది కొత్తగా మొదలవుతుంది. ఆఖరిది పోయిన నెలలోనే పంపారు. మేడ గదిలో మిగిలిన పరికరాలు, కాయిల్స్ 'చివరిసారి' అమ్మి వదిలించుకుంటానంటే అదీ అమ్మకమే. ఇల్లు అమ్మగారి పేరున ఉంది. తెలిసి నిల్వకు చోటిచ్చిన యజమానికి కూడా ఆరు నెలల వరకు జైలు, 50,000 వరకు జరిమానా పడవచ్చు. ఆ సరుకును ఏం చేయాలో ఉత్తరాల్లో అడగకండి. ఉత్తరంలో మీ పేరు, ఫోన్ నంబరు కూడా రాశారు, వాటిని మేమే తీసేశాం. క్రిమినల్ కేసులు చూసే లాయరును నియమించుకుని ఎదురుగా చెప్పండి, లాయరుకు చెప్పిన మాటకు సాక్ష్య చట్టం రక్షణ ఉంది. ఇకముందు చేయబోయే అమ్మకానికి సలహా అడిగితే ఆ రక్షణ ఉండదు. వెళ్లేటప్పుడు చెక్కు, బ్యాంకు మెమో, ఫోన్ బిల్లు పట్టుకెళ్లండి.