మెరుగు మొదటి బెల్టు దగ్గరే మొదలవుతుంది

చిరంజీవి చిన్నాకు, పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన కత్తుల ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. అలుగు, అంటే కత్తి రేకు, ఆకారం బాగా కుదిరింది. వెన్ను నుంచి వాదర దాకా, అంటే కోసే అంచు దాకా, దింపిన వాలు రెండు వైపులా సమానంగా ఉంది. పైకి మెరుస్తోంది కూడా. కానీ వెలుతురు పడ్డ చోట ఆ మెరుపు కింద లోతైన గీతలు అడ్డంగా కనిపిస్తున్నాయి. అవి మెషిన్ మీద తిరిగే 60 నంబరు ఎమరీ బెల్టు గీతలు. నంబరు ఎంత తక్కువైతే బెల్టు అంత ముతక. ఆ తర్వాత 120, 220, 400 అన్నీ వాడానన్నావు, పైన బఫ్ కూడా, అదే మెరుగుపెట్టే గుడ్డ చక్రం, పట్టావు. అయినా అవి పోలేదు, ఇక ఎంత బఫ్ కొట్టినా పోవు. బఫ్ గీత అంచులను గుండ్రంగా చేస్తుందే గానీ గీతను తీసెయ్యదు.

చాలామంది మెరుగంటే ఆఖరి గంట పని అనుకుంటారు. అది 60 దగ్గరే తేలిపోతుంది. ముతక బెల్టు మీద ఉండగానే అలుగు చదునుగా రావాలి, సుత్తి దెబ్బల గుంటలూ పొలుసూ పూర్తిగా పోవాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి బెల్టుకీ ఒకే పని, ముందు బెల్టు గీతల్ని తుడిచెయ్యడం. అవి పోయాయో లేదో తెలియాలంటే గీతల దిశ మార్చు. 60తో గీతలు అడ్డంగా పడ్డాయనుకో, 120 ఎక్కించాక కత్తిని కొంచెం ఏటవాలుగా పట్టుకో. కొత్త గీతలు ఐమూలగా పడతాయి, పాతవి ఎక్కడ మిగిలాయో ఇట్టే కనిపిస్తుంది. ఒక్కటి కూడా మిగలనప్పుడు 220 ఎక్కించి, ఈసారి రెండో వైపుకి వాల్చు. అనుమానంగా ఉంటే అలుగంతా నల్ల మార్కర్ పూసి ఒక్కసారి బెల్టుకి తాకించు. నలుపు మిగిలిన చోట బెల్టు అంటలేదన్నమాట. ట్యూబులైటు కింద చూస్తే గీతలు దాగిపోయి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పక్క నుంచి వెలుతురు పడేలా ఒక చిన్న దీపం పెట్టుకో.

ఇక వేడి సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. లారీ కమాను పట్టీని నువ్వు ఎర్రగా కాల్చి నూనెలో ముంచావు, తర్వాత ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర ఉంచి పెళుసుదనం తగ్గించావు. ఆ కష్టమంతా వాదర దగ్గర ఒక్క క్షణంలో పోతుంది. అక్కడ లోహం పల్చగా ఉంటుంది కాబట్టి వేడి వెళ్లడానికి చోటుండదు. ముందు లేత గడ్డిరంగు వస్తుంది, తర్వాత గోధుమరంగు, ఆపైన ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. చాలామంది ఆ మచ్చని ఇంకోసారి బెల్టుకి పెట్టి చెరిపేస్తారు. రంగు పోతుంది, మెత్తదనం అలాగే ఉంటుంది. కొన్నవాళ్లింట్లో నాలుగు రోజులకే కత్తి మొద్దుబారుతుంది. అలాంటి చోటు కనిపిస్తే వాదరని అంతమేరా వెనక్కి అరగదియ్యాలి, లేదా మళ్లీ మొదటి నుంచీ కాల్చి నూనెలో ముంచి గట్టిపరచాలి.

అందుకే నూనెలో ముంచి గట్టిపరిచిన కత్తిని బెల్టు మీద పట్టేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోవద్దు. వేలికి వేడి తెలియాలి. పైగా గ్లౌజు బెల్టులో చిక్కితే చెయ్యి కూడా దానితోపాటు లోపలికి పోతుంది. పక్కనే నీళ్ల బకెట్ పెట్టుకో, ఒకసారి బెల్టుకి తాకించగానే ముంచు. మొన దగ్గరకొచ్చేసరికి ఇంకా తొందరగా ముంచు. కాల్చకముందు వాదర దగ్గర ఒక మిల్లీమీటరు మందం ఉంచుకో, లేకపోతే నూనెలో వంకర పోతుంది. వంటింటి కత్తికి ఆ తర్వాతే అర మిల్లీమీటరు లోపుకి దించాలి. ఆ దించడంలోనే ఎక్కువ కత్తులు పాడవుతాయి.

బెల్టుల దగ్గర పొదుపు చెయ్యకు నాయనా. అరిగిన బెల్టు కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. నువ్వేమో కోయట్లేదని ఇంకా గట్టిగా నొక్కుతావు. అరిగినవి పడెయ్యక్కర్లేదు, పిడి చెక్కకి పనికొస్తాయి. ముతక సిరామిక్ బెల్టు వేగంగా తిప్పితేనే బాగా కోస్తుంది. సన్న బెల్టులకి మాత్రం వేగం తగ్గించాలి. మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టించుకున్నావు కాబట్టి 220 దాటాక సగానికి దించు.

మొన గుండ్రంగా అరిగిపోయిందని అడిగావు. కత్తిని బెల్టు అంచు దాటించి లాగేస్తున్నావు, అంతే. మొన బెల్టు మధ్యకి రాగానే చెయ్యి వెనక్కి తీసెయ్యి.

220 అయ్యాక ఒకసారి అలుగుని తుడిచి నిదానంగా చూడు. పాత కమాను పట్టీలు ఏళ్ల తరబడి లారీ బరువు మోసి ఉంటాయి, వాటిల్లో వెంట్రుకంత పగుళ్లు దాగి ఉండొచ్చు. ఎంత రుద్దినా చెదరకుండా అదే చోట సన్నటి నల్లగీత ఉంటే అది పగులే. ఎంత కష్టపడి చేసినా ఆ కత్తిని పక్కన పెట్టెయ్యి, ఎవరికీ అమ్మకు.

400 తర్వాత మెషిన్ ఆపేసి చేత్తో పట్టు. గట్టి చదునైన పట్టీకి నీటి ఎమరీ కాగితం చుట్టి, రెండు చుక్కల నూనె వేసి, మడమ నుంచి, అంటే పిడి వైపు చివర నుంచి, మొన వైపు పొడుగునా లాగు. మొదట్లో ముందుకీ వెనక్కీ రుద్దినా ఫర్వాలేదు. ఆఖరి కాగితంతో మాత్రం ఒకే దిశలో, ప్రతిసారీ చెయ్యి ఎత్తి మళ్లీ మడమ దగ్గర నుంచి రావాలి. చెయ్యి వెనక్కి తిప్పిన చోట కొక్కెం ఆకారంలో గీత పడుతుంది, అది ఒక్కటున్నా కళ్లకి కొడుతుంది. కాగితం కొత్తది వాడు, పొడి నిండినది ఉక్కుని గీరేస్తుంది.

డమాస్కస్, అదే అలుగు మీద అలల గీతలు కనిపించే కత్తి, చెయ్యాలని ఉందన్నావు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. దేశాన్ని కొలిచిన సర్వేలో పనిచేసిన వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ కొలుములు చూసి రాసింది 1832లో అచ్చయింది కూడా. ఆ ఉక్కు కత్తుల్లో అలలు బయటపడాలంటే ముందు అలుగుని నునుపుగా పట్టాలి, ఆ తర్వాతే ఉక్కుని కొద్దిగా తినే మందు పుయ్యాలి. నువ్వు చేసేది వేరే రకం, పొరలు అతికించేది. దానికీ ఇదే పద్ధతి. ఫెర్రిక్ క్లోరైడ్ మందులో ముంచేముందు 600 దాకా చేత్తోనే పట్టు, బఫ్ ముట్టుకోకు. ఒక్క పాత గీత మిగిలినా మందులో అది పొరల గీతలకంటే ముందు కనిపిస్తుంది.

మాస్కు లేకుండా మెషిన్ ఆన్ చెయ్యకు, కళ్లద్దాలు సరేసరి. మెడలో తువ్వాలు ఉండకూడదు. పిడి చెక్క అరగదీసే ముందు కింద పేరుకున్న ఇనుప పొడి ఎత్తెయ్యి. చెక్క పొడి మీద నిప్పురవ్వలు పడితే లోపలే రాజుకుని గంట తర్వాత కూడా మంటలు రావచ్చు. అల్యూమినియం ఆ మెషిన్ మీద అసలు పెట్టకు. ఆ పొడీ తుప్పు పొడీ కలిసి రవ్వ తగిలితే ఆర్పడం ఎవరి వల్లా కాదు. పదును పెట్టిన కత్తిని బఫ్ చక్రం దగ్గరికి తీసుకెళ్లకు. చేతిలోంచి లాగేసి ఎటు విసురుతుందో తెలియదు.

పదును పిడి బిగించాక, అన్నిటికంటే ఆఖరున. బాగా అరిగిన సన్న బెల్టు ఎక్కించి, వేగం పూర్తిగా తగ్గించి, ఒక్కో వైపు 15 డిగ్రీలు వాల్చి, వాదర బెల్టుకి ఎదురు వెళ్లకుండా పట్టు. అవతలి వైపు గోటికి తగిలేలా సన్నటి పొర లేస్తుంది. అప్పుడు వైపు మార్చు. చివరికి ఆ పొరని తోలు మీద నాలుగుసార్లు లాగి దించెయ్యి. ఈ ఉక్కు తుప్పు పడుతుంది కాబట్టి కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాసి పంపు. వాడగానే తుడిచి పెట్టుకోమని కొన్నవాళ్లకి ఒక చీటీ కూడా పెట్టు.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మీ పెదనాన్న