మావాడు సేవకు రానంటున్నాడు

ప్రశ్న: మాది కడప. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. పాప పుట్టినరోజుకు ఒక పిల్లల హోమ్‌లో భోజనాలు పెట్టించాం. బాబు ఆటో కూడా దిగలేదు. ‘ఫోటోలకే కదమా ఇదంతా’ అన్నాడు. ఇంటిల్లిపాదీ కలిసి ఏదైనా సేవ చేద్దామంటే మా ఆయన ‘వచ్చే ఏడు టెన్త్, ఇప్పుడివన్నీ దేనికి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవాడి మాట కటువుగా ఉన్నా అందులో నిజముంది. హోమ్‌లో ఉండే పిల్లల ఫోటోలు బయటపెట్టడం నేరం. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. స్టేటస్‌లో పెట్టినవి ఏమైనా ఉంటే ఈ పూటే తీసేయండి. తీసేశానని వాడికి చెప్పండి కూడా. మీరు చెప్పబోయే తర్వాతి మాట వాడి చెవికెక్కాలంటే ఇది ముందు జరగాలి.

ఆ రోజు వంట వేరేవాళ్లది, వడ్డన వేరేవాళ్లది. వాడికి నిలబడి చూడటం తప్ప పనేముంది? ఈ వయసు పిల్లలు పనికి బద్ధకిస్తారు గానీ, బొమ్మలా నిలబడటానికి అంతకన్నా సిగ్గుపడతారు. తను రాకపోతే ఆగిపోయే పని ఇవ్వాలి.

తొమ్మిదో తరగతి పిల్లలకే దొరికే పని ఒకటుంది. చూపులేని పదో తరగతి విద్యార్థులు చెబుతుంటే పబ్లిక్ పరీక్షలో జవాబులు రాసిపెట్టడం. ఇలా రాసిపెట్టేవాళ్లను స్క్రైబ్ అంటారు. పరీక్ష రాసేవాళ్లకన్నా కింది తరగతి వాళ్లనే ఇందుకు తీసుకుంటారు. మీరో మీ ఆయనో వెళ్లి రాస్తామంటే ఒప్పుకోరు. మీవాడి హెడ్మాస్టరును కలిసి, అవసరమున్న పిల్లలున్నారేమో కనుక్కోమనండి. అనుమతి విద్యాశాఖ నుంచే రావాలి కాబట్టి పరీక్షల ముందు వారం పరుగెత్తితే లాభం లేదు.

అనుమతి వచ్చాక పాత ప్రశ్నపత్రాలతో మీవాడినీ, పరీక్ష రాసే ఆ పిల్లల్నీ కనీసం రెండు మూడుసార్లు కూర్చోబెట్టండి. అసలు చిక్కు లెక్కల్లో వస్తుంది. ‘ఎక్స్ ప్లస్ టూ స్క్వేర్’ అని చదివితే వర్గం రెండుకు మాత్రమేనా, మొత్తానికా? బ్రాకెట్ ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుందో పలికి తీరాలి. భిన్నాల్లో పైనేముంది, కిందేముంది అని విడివిడిగా చెప్పాలి. చెప్పేవాళ్ల వేగం అందకపోతే బల్ల మీద ఒకసారి తట్టాలని ముందే అనుకోవాలి. ఆఖరు వాక్యాన్ని చదివి వినిపించాకే ముందుకు పోవాలి. జవాబు తప్పని తెలిసినా చెప్పింది చెప్పినట్టే రాయాలి, ‘ఊఁ?’ అని దీర్ఘం తీయడం కూడా సాయం చేసినట్టే. పదిహేనేళ్లవాడికి నోరు కట్టేసుకోవడం అన్నిటికన్నా కష్టం. దాన్నే ఎక్కువ సాధన చేయించండి.

మీ ఆయనకు ఈ సంగతి వేరేగా వివరించక్కర్లేదు. టెన్త్ పేపర్లన్నీ ఏడాది ముందే కొడుకు చేతిమీదుగా పోతాయంటే ఆయనే హెడ్మాస్టరు దగ్గరికి బయల్దేరతారు.

ఇంటిల్లిపాదికీ కలిపి అయితే చలివేంద్రం. కడప ఎండల గురించి మీకు నేను చెప్పేదేముంది! ఉగాదికి మొదలుపెడితే జూన్ తొలి వానల దాకా నడవాలి. పెద్ద కూడళ్లలో ఎవరో ఒకరు పెడతారు. ఎవరూ పెట్టని ఆటోస్టాండో, కాలనీ చివరి బస్టాపో చూసుకోండి. పక్కనే నీడ, మధ్యాహ్నం కూడా మూయని అంగడి ఉండాలి. ఆ అంగడాయన ఒప్పుకుంటేనే చోటు ఖాయం చేయండి.

కుళాయి ఉన్న మట్టికుండలు రెండు తీసుకోండి. చేతులు ముంచే బాధ ఉండదు. కొత్త కుండను రాత్రంతా నీళ్లతో నింపి పెట్టి, తెల్లారి ఆ నీళ్లు పారబోయాలి. లోపల కొబ్బరి పీచుతో కడగండి, సబ్బు వద్దు, మట్టి పీల్చుకుని వాసన వదలదు. అందానికని పైన ఆయిల్ పెయింట్ వేస్తుంటారు. సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోయి నీళ్లు చల్లబడవు, కుండ కాస్తా ఖరీదైన బిందె అవుతుంది. కింద ఇసుక పోసి తడుపుతూ ఉండండి. 20 లీటర్ల క్యాన్ 200 మిల్లీలీటర్ల గ్లాసులు నూటికి వస్తుంది. ఆ లెక్కన రోజుకు మూడు క్యాన్లతో మొదలుపెట్టి, ఖర్చయ్యేదాన్ని బట్టి పెంచుకోండి. మజ్జిగ ఆదివారాలకు చాలు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, అల్లం, కొత్తిమీర. ఆ ఎండకు తొందరగా పులుస్తుంది కాబట్టి రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి.

చలివేంద్రాలు చెడేది ఎక్కడంటే, మొదటిరోజు బ్యానరు, కొబ్బరికాయ, పదోరోజు ఒట్టి కుండ. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీళ్లుంటేనే అది చలివేంద్రం. కానీ ఆ ఎండలో పిల్లల్ని నిలబెట్టకండి. పొద్దున ఏడుకు నింపడం బాబు వంతు, సాయంత్రం కడగడం మీ వంతు, నడి మధ్యాహ్నం బండి మీద క్యాన్ తేవడం నాన్న వంతు. ఆ వేళకు ఆయన రాలేకపోతే అంగడాయనకే ఒక క్యాన్ అప్పగించండి. ఏరోజు ఎన్ని క్యాన్లు అయ్యాయో పాప నోటుబుక్కులో రాస్తుంది. పిట్టలకు పక్కనే వెడల్పాటి మూకుడు పెట్టి మధ్యలో రాయి వేయించండి, నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, లేకుంటే దోమలు.

చందాలు వసూలు చేసే పని పిల్లలకు ఇవ్వకండి. ఎవరింటికీ ఒంటరిగా పంపకండి. రక్తదాన శిబిరాలకు పద్దెనిమిది నిండాలి, మీ ఆయన ఇస్తుంటే బాబు పేర్లు రాయొచ్చు.

బాబును ‘రా’ అని పిలవకండి, ‘కుండలు ఎక్కడ పెడితే బాగుంటుంది?’ అని అడగండి. చోటు వాడు చెప్పిందే ఖాయం చేయండి. ఒకరోజు నిద్రలేవక కుండ ఖాళీగా ఉంటే మీరు గబగబా వెళ్లి నింపేయకండి. అంగడాయన వాడినే అడగనివ్వండి.