ఇంటి పనుల్లో ఎదుగుదల ఆగిపోయిందన్న మీ ప్రశ్నకు

"ఉద్యోగం మానేసి విశాఖ వచ్చిన దగ్గర నుంచి రోజంతా ఇంటి పనులకే సరిపోతోంది, నాలో ఎదుగుదల ఆగిపోయింది" అని రాశారు. ముందుగా ఒక మాట: అన్ని పనులూ పాఠాలు చెప్పవు. అంట్లు తోమడం పదిహేనేళ్లుగా నాకేమీ నేర్పలేదు. అది ఇంట్లో అందరూ పంచుకోవలసిన చాకిరీ, అంతే.

ఒక్క పనిని మాత్రం పట్టుకుని చూడండి. నాకది ఇనుప పెనం. మేముండేదీ విశాఖలోనే, లాసన్స్ బే తీరం దగ్గర. సముద్రపు గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి కదా, కడిగి పెడితే తెల్లారేసరికి ఎర్రగా తుప్పు. విసుగొచ్చి మూడుసార్లు అటకెక్కించాను. గాలిని తిట్టుకున్నాను గానీ సగం తప్పు నా తొందరదే. నూనె ఎక్కువ రాస్తే త్వరగా నునుపు తేలుతుందనుకుంటే జిగురు కట్టింది. చింతపండుతో తోమి, కడిగి, పొయ్యి మీద తడి పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల నూనెను గుడ్డతో తుడిచేసినంత పలుచగా రాసి, పొగ వచ్చేదాకా కాల్చాలి. వేడికి ఆ నూనె గట్టి పొరగా మారుతుంది. ఇలా నూనె రాసి కాల్చడం నాలుగైదుసార్లు. (కిటికీలు తెరవండి, మా పక్కింటివారు కంగారుపడి తలుపు కొట్టారు.)

పొయ్యి పక్కన ఓ చిన్న పుస్తకం పెట్టుకుని, ఈరోజు ఏం మార్చాను, ఏమైంది అని రెండు ముక్కలు రాయండి. నా పుస్తకం మొదటి పేజీలో "నూనె ఎక్కువైంది" అని ఉంది. రెండో పేజీలోనూ అదే. ఎనిమిదో పేజీకి గానీ దోసె అంటుకోకుండా లేవలేదు. ఇప్పుడు అదే పుస్తకంలో వెనక నుంచి కుట్టుమిషను లెక్క మొదలుపెట్టాను: "దారం తెగింది."